ఇంటి గుండె – అంగడి పెట్టె

ఇంట్లో వండితే అన్నం, హోటల్లో వండితే మీల్సు. బియ్యం అవే, నీళ్లు అవే, మంట అదే. తేడా అంతా గల్లాపెట్టె దగ్గర ఉంది. ఇంట్లో ముప్ఫై ఏళ్లుగా వండుతున్న ఇల్లాలిని "ఏం చేస్తుంటారమ్మా?" అని అడిగి చూడండి. "ఏమీ లేదండీ, ఇంట్లోనే ఉంటాను" అంటుంది. హోటల్లో అదే అన్నం వార్చే మనిషిని మాత్రం వంట మాస్టరు గారూ అంటాం.

ఇదంతా మనకు తెలిసిన సంగతే. కాని సరిగ్గా ఇలాంటి కథే యంత్రాల లోకంలోనూ నడిచిందనీ, అందులోనూ పిల్లలు ఆడుకునే వీడియో గేముల్లో నడిచిందనీ తెలిసినప్పుడు నాకు భలే సరదా వేసింది. వీడియో గేములా! పిల్లల చదువులు పాడుచేసింది అవే కదా అని పేజీ తిప్పెయ్యకండి. మనకు పనికొచ్చే సంగతి ఒకటి అందులో ఉంది.

ముందు బంధుత్వాలు చెప్పుకుందాం. వీడియో గేముల వంశంలో రెండు శాఖలు. ఒకటి అంగడి శాఖ. మనిషెత్తు చెక్కపెట్టె, కళ్లకెదురుగా తెర, చేతికందే ఎత్తులో ఒక పుల్ల, కొన్ని బొత్తాలు, కింద నాణెం వేసే చీలిక. దీన్ని ఆర్కేడ్ మెషీన్ అంటారు. రెండోది ఇంటి శాఖ. బిస్కెట్ల డబ్బా అంత సెట్టు. తీగ తెచ్చి టీవీకి తగిలిస్తే చాప మీద కూర్చుని ఆడుకోవచ్చు. దీన్ని కన్సోల్ అంటారు. మొదటిది డబ్బు పోసి నిలబడి ఆడేది, రెండోది ఒకసారి కొనుక్కుంటే ఊరికే ఆడుకునేది. పైకి చూస్తే ఏనుగుకీ పిల్లికీ ఉన్నంత తేడా. కాని చాలా అంగడి పెట్టెల వెనక తలుపు తీస్తే, లోపల కొట్టుకునేది ఇంటి సెట్టు గుండే.

ఈ కథకు 1972 నుంచీ మూలాలున్నాయి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో అటారీ అని ఒక కొత్త కంపెనీ. అందులో అల్ ఆల్కార్న్ అనే ఇంజనీరు పాంగ్ అనే ఆట తయారుచేశాడు. తెర మీద అటొక గీత, ఇటొక గీత, మధ్య చుక్కలాంటి బంతి. టేబుల్ టెన్నిస్ అన్నమాట. ఆటైతే తయారైంది, మరి తెర ఎక్కణ్నుంచి తేవాలి? ఆయన బజారుకెళ్లి, ఇళ్లలో చూసుకునే హిటాచీ నలుపు–తెలుపు టీవీ ఒకటి 75 డాలర్లకు కొనుక్కొచ్చి, నాలుగడుగుల చెక్కపెట్టెలో బిగించాడు. సన్నీవేల్ అనే ఊళ్లో ఒక మద్యం దుకాణంలో దాన్ని పెట్టారు. కొన్నాళ్లకు "మీ యంత్రం ఆగిపోయింది, వచ్చి చూసుకోండి" అని కబురు. వెళ్లి చూస్తే జబ్బేమీ లేదు. నాణేలు కడుపునిండా పడి, ఇక పట్టక ఆగిపోయిందట!

అదే 1972లో ఇంట్లో ఆడుకునే మొదటి సెట్టు కూడా అమ్మకానికి వచ్చింది. పేరు ఒడిస్సీ, కంపెనీ మాగ్నవాక్స్, దానికి మూలపురుషుడు రాల్ఫ్ బేర్. అటారీ యజమాని నోలన్ బుష్నెల్ ఆ సెట్టు ప్రదర్శన చూసివచ్చాడు. పాంగ్ ఆ తర్వాత పుట్టింది. వ్యవహారం కోర్టుకెక్కి 1976లో రాజీతో ముగిసింది. ఈలోగా 1975లో అటారీ వాళ్లే పాంగును చిన్నది చేసి, ఇంటి సెట్టుగా సియర్స్ దుకాణాల ద్వారా అమ్మారు. అంటే మొదటి నుంచీ ఈ రెండిళ్ల మధ్య రాకపోకలు ఉన్నాయి.

రాకపోకలున్నా మర్యాదలు సమానంగా లేవు. అంగడి పెట్టె పెద్దింటి దొరసాని, ఇంటి సెట్టు పేద బంధువు. 1980లో జపాన్‌లో నామ్కో కంపెనీ ప్యాక్-మ్యాన్ అనే ఆటను అంగళ్లలోకి వదిలింది. నోరు తెరుచుకుని చుక్కలు మింగే ఆ పసుపు ముద్దను మీరూ చూసే ఉంటారు. 1982లో అటారీ దాన్ని ఇంటి సెట్టులోకి తెచ్చింది. ఆ సెట్టుకున్న జ్ఞాపకశక్తి 128 బైట్లు. ఇంగ్లీషులో రాస్తే ఒకటి రెండు వాక్యాలకు సరిపోయే చోటు. అంత ఇరుకులో ఏం కుదురుతుంది? బొమ్మలు మిణుకుమిణుకుమన్నాయి, రంగులు వెలవెలబోయాయి. అంగట్లో ఆడిన రుచి ఇందులో లేదని కొన్నవాళ్లు పెదవి విరిచారు.

ఇక్కణ్నుంచి కథ అడ్డం తిరుగుతుంది. జపాన్‌లో నింటెండో కంపెనీకి డాంకీ కాంగ్ అనే అంగడి ఆట 1981లో బాగా లాభాలు తెచ్చింది. అలాంటి ఆటను ఇంట్లో ఆడుకునే సెట్టు కావాలనుకున్నారు. ఆ పని మసయుకి ఉఎమురా అనే ఇంజనీరు మీద పెట్టారు. ఆయన రికో అనే కంపెనీతో కలిసి రెండు ముఖ్యమైన చిప్పులు చేయించాడు. ఒకటి లెక్కలు చేసేది, ఇంకొకటి బొమ్మలు గీసేది. లెక్కల చిప్పుకు ఆధారం 6502. 1975లో ఈ చిప్పు వచ్చినప్పుడు దాని ధర 25 డాలర్లే. ఈ రెండు చిప్పులతో 1983 జులై 15న ఫామికామ్ అనే సెట్టు బజారుకొచ్చింది. ధర 14,800 యెన్లు. దానితోపాటు మొదట వచ్చిన ఆటల్లో డాంకీ కాంగ్ కూడా ఉంది. అంగట్లో పుట్టిన ఆట ఇంట్లో కాపురానికి వచ్చిందన్నమాట.

ఏడాది తిరిగేసరికి ఆ ఇంటి గుండెనే మళ్లీ అంగట్లోకి పంపించారు. 1983లో అమెరికాలో ఇంటి వీడియో గేముల వ్యాపారం కుప్పకూలింది. దుకాణదారులు ఇంటి సెట్టు అన్న మాట వింటేనే తలుపులు వేసుకునేవారు. అప్పుడు నింటెండో 1984లో వి.ఎస్. సిస్టం అనే అంగడి పెట్టెను తెచ్చింది. పైకి నిలువెత్తు ఆర్కేడ్ మెషీన్. లోపల ఫామికామ్ చిప్పుల కుటుంబమే. రెండు తెరలుండే రకం దగ్గర నలుగురు కూడా చేరి ఆడుకునే వీలుండేది. యజమాని ఆట మార్చాలనుకుంటే పెట్టె మార్చనక్కర్లేదు, కొన్ని చిప్పులు మారిస్తే చాలు. ఇంట్లో ఆడే ఆటలకు జనం డబ్బిచ్చి మరీ ఎగబడుతున్నారని అంగట్లో రుజువయ్యింది. 1985 అక్టోబరులో న్యూయార్క్‌లో ఆ ఇంటి సెట్టు ఎన్.ఇ.ఎస్. అన్న కొత్త పేరుతో అమ్మకానికి వెళ్లింది.

ఇంటి గుండెను అంగట్లో పెట్టేటప్పుడు ఏమేం మార్చారో చూడండి. మొదటి భయం దొంగల భయం. ఒక ఆట చిప్పులకు నకలు తీసి ఇంకో పెట్టెలో పెట్టేవాళ్లుంటారు కదా. అందుకని బొమ్మల చిప్పుల్లో రంగుల వరస తారుమారు చేసి, కొన్ని రకాలుగా తయారుచేశారు. మన పోపుల డబ్బా లాంటిదే ఇది. నా డబ్బాలో ఆవాలు ఎక్కడో, జీలకర్ర ఎక్కడో నా చేతికి తెలుసు. మీ చేతికి ఇస్తే మెంతులు పడాల్సిన చోట మిరియాలు పడతాయి. అలాగే తప్పు చిప్పు పెడితే ఆట నడుస్తుంది గాని, ఆకాశానికి వెయ్యాల్సిన రంగు ఇంకెక్కడో పడుతుంది. తాళంచెవి అక్కర్లేని తాళం!

రెండో మార్పు కష్టం పెంచడం. 1986లో వి.ఎస్. పెట్టెలోకి వచ్చిన సూపర్ మారియో ఆట ఇంటి మారియో కంటే కఠినం. అదనపు ప్రాణాలు తగ్గించారు, కొన్ని అంచెలు తీసేసి గట్టివి పెట్టారు. ఎందుకంటే పిల్లవాడు ఇంట్లో గంటసేపు ఆడితే తల్లికి కోపం, అంగట్లో ఒక్క నాణేనికి గంటసేపు ఆడితే యజమానికి నష్టం.

అదే 1986లో నింటెండో ఇంకో ఉపాయం పన్నింది. ప్లేచాయిస్-10 అనే పెట్టె. ఇందులో పది ఆటలు పట్టేవి. ఇంటి ఆటలు ఉన్నవి ఉన్నట్టే పెట్టారు. కాని ఇంటి ఆట తొందరగా ఓడించదు, మరి డబ్బెలా వస్తుంది? అందుకని నాణేనికి ఇన్ని సెకన్లని కాలం అమ్మారు. రెండు తెరల రకంలో కింది తెర మీద ఆట, పై తెర మీద ఆట సూచనలూ, కరిగిపోతున్న కాలమూ. ఎంత బాగా ఆడేవాడైనా, అసలే రానివాడైనా టైము అయిపోతే లేవాల్సిందే. సేగా కంపెనీ కూడా 1989లో తన మెగా డ్రైవ్ ఇంటి సెట్టు ఆధారంగా మెగా-టెక్ అని ఇలాంటి పెట్టెనే చేసింది. అందులో ఎనిమిది ఆటలు పెట్టుకోవచ్చు. అక్కడా అమ్మింది కాలాన్నే.

ఈ లెక్క గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది. ప్రాణం పోతే నాణెం అన్నది ఒక లెక్క. గడియారం తిరిగితే నాణెం అన్నది ఇంకో లెక్క. ఆట అదే, చిప్పు అదే. కొలిచే కుంచం మారిందంతే.

1990 నుంచి ఈ బంధుత్వం ఇంకా చిక్కబడింది. ఆ ఏడు ఎస్.ఎన్.కె. అనే జపాన్ కంపెనీ నియో జియో అనే యంత్రాన్ని ఇంటికొకటి, అంగడికొకటిగా తెచ్చింది. రెండింటి లోపలి సరంజామా ఒక్కటే. చిన్న కార్డొకటి ఉండేది. అంగట్లో సగం ఆడిన ఆటను అందులో దాచుకుని ఇంటికొచ్చి మిగతాది పూర్తి చేసుకోవచ్చు. కాని ఇంటి సెట్టు అమెరికాలో 650 డాలర్ల దాకా పలికింది. అంగడి సరుకును ఇంటికి తెచ్చుకుంటే అంగడి ధరే మరి!

1994లో సోనీ వాళ్ల ప్లేస్టేషన్ వచ్చింది. నామ్కో వాళ్లు ఆ చిప్పుల మీదే సిస్టం 11 అనే అంగడి బోర్డు చేసి, అందులో టెక్కెన్ అనే కొట్లాట ఆట పెట్టారు. మరుసటి ఏడాదే ఆ ఆట ఇళ్లలోకి వచ్చింది. గుండె ఒక్కటే కాబట్టి ఇల్లు మారడం అంత సులువైంది. సేగా వాళ్లు తమ ఇంటి సెట్టుకు శనిగ్రహం పేరు పెట్టి సాటర్న్ అన్నారు. మనవాళ్లయితే ఆ పేరున్నదాన్ని గడప దాటనిచ్చేవారు కాదు! దాని అంగడి రూపమైన ఎస్.టి.వి.కి శనిచుట్టూ తిరిగే టైటన్ అనే చందమామ పేరు కలిపారు. ఇంటి సెట్టు గ్రహం, అంగడి పెట్టె దాని చుట్టూ తిరిగే ఉపగ్రహం. పేద బంధువు ఎంత ఎదిగిందో చూశారా!

1998లో సేగా వాళ్లే డ్రీమ్‌కాస్ట్ అనే ఇంటి సెట్టూ, నవోమి అనే అంగడి బోర్డూ తెచ్చారు. నవోమి జపాన్‌లో ఆడపిల్లల పేరు కూడా. రెండింటికీ ప్రధానమైన చిప్పులు ఒకటే. జ్ఞాపకం మాత్రం ఇంట్లో 16 మెగాబైట్లు, అంగట్లో 32. మన పెళ్లివంట సంగతి ఇంతే కదా. ఇంటి గిన్నె చాలదు, గంగాళం కావాలి. పప్పులోకి వేసే పోపు మాత్రం అమ్మమ్మ నేర్పిందే. 2002లోనైతే నింటెండో, సేగా, నామ్కో మూడు కంపెనీలూ పాత పగలు పక్కన పెట్టి, గేమ్‌క్యూబ్ అనే ఇంటి సెట్టు గుండెతో ట్రైఫోర్స్ అనే అంగడి బోర్డు చేసుకున్నాయి.

కంపెనీలు ఇంత పట్టుదలగా ఇంటి గుండెను ఎందుకు పట్టుకున్నాయంటే, ఖర్చు. అంగడి పెట్టెలు వేలల్లో అమ్ముడవుతాయి. ఇంటి సెట్లు కోట్లల్లో. ప్లేస్టేషన్ ఒక్కటే 10 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. కోట్లల్లో చేసే చిప్పు చవగ్గా వస్తుంది. దానికి ఆటలు రాసే చెయ్యి తిరిగినవాళ్లూ దొరుకుతారు. మార్పులల్లా బయటి హంగులకే. అంగట్లో పొద్దస్తమానం సీడీ తిరిగితే అరుగుతుంది, ఆట మొదలవడానికి ఆలస్యమూ అవుతుంది. అందుకని సిస్టం 11లోనూ, ఎస్.టి.వి.లోనూ సీడీ తీసేసి ఆటను చిప్పుల్లో పెట్టారు. బొత్తాలు గట్టివి, పెట్టె పెద్దది. అన్నింటికీ మించి, నాణెం వేసే చీలిక.

జపాన్ పెద్ద కంపెనీల ఉపాయం మన వీధుల్లోనూ నడిచింది, కాకపోతే మన పద్ధతిలో. 1990ల్లో ఫామికామ్‌కు నకళ్లు మన బజార్లలో చవగ్గా దొరికేవి. అసలు సెట్టులోని పెద్ద చిప్పుల పనంతా ఒకే చిప్పులోకి దించి, దాని మీద నల్లటి లక్కముద్ద లాంటిది పోసేవారు. వాటిని వరసగా టీవీలకు తగిలించి, అరగంటకు ఇంతని తీసుకునే గదులు మన పట్టణాల్లో సందుకొకటి వెలిశాయి. ప్లేచాయిస్ పెట్టె చేసిన కాలం లెక్క ఇక్కడ దుకాణదారు చేతి గడియారం చేసేది.

మా తమ్ముడు నిజామాబాదులో గది తీసుకుని ఇంటరు చదివేవాడు. సిరికొండ నుంచి ధర్పల్లి మీదుగా బస్సెక్కి, వాడికి పచ్చళ్లూ సకినాలూ ఇచ్చి రావడానికి వెళ్లినప్పుడు, వాడు గదిలో లేడు. ఎక్కడుంటాడో పక్కగది పిల్లలు చెప్పారు. వెళ్లి చూద్దును గదా, నిలువెత్తు పెట్టె. రంగుల బొమ్మలు అతికించి మహా దర్జాగా ఉంది. ఆ సమయానికి బొత్తమేదో పనిచెయ్యక దుకాణదారు వెనక తలుపు తీశాడు. లోపల మా ఇంట్లో ఉన్నలాంటి చిన్న టీవీ! దాని కింద పై డొప్ప ఊడదీసిన ఇంటి సెట్టు, దాన్నుంచి బొత్తాలకు అతికించిన తీగలు.

"ఇదేంది తమ్మీ, ఇంట్ల ఆడుకునేదే కదా?" అన్నాను.

"గంతే అక్కా, ఇంట్లదే. పెట్టె చేయించినం, గందుకే పైసలు" అన్నాడతను నవ్వుతూ, దాపరికం లేకుండా.

ఆ మాటతో నాకు మా ఊరి ఆడవాళ్లు కళ్లముందు మెదిలారు. మా సిరికొండ వైపు బీడీలు చుట్టే ఇళ్లు ఎన్నో. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారపు ఉండ. వాకిట్లో కూర్చుంటే చేతులు ఆగవు. ముందుగా ఆకు తడిపి, అచ్చు పెట్టి కత్తెరతో కత్తిరించుకుంటారు. బడినుంచి వచ్చిన ఆడపిల్ల కూడా ఓ చెయ్యి వేస్తుంది. కూలి మాత్రం వెయ్యి బీడీలకు ఇంతని. ఆకు తడిపిన పొద్దుకూ, కత్తిరించిన పొద్దుకూ వేరే లెక్క లేదు. ఇంటి నేలే కార్ఖానా. కాని "ఇంట్లనే కూసోని చేస్తరు" అనేమాట వాళ్ల పనిని సగానికి సగం తేలిక చేసేస్తుంది.

1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టం వచ్చింది. యజమానో, కాంట్రాక్టరో ముడిసరుకు ఇస్తే ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే మనిషి కూడా ఉద్యోగే అని అందులో రాశారు. ఎంత చిన్న వాక్యం, ఎంత పెద్ద సంగతి! పని చేసే చోటు మారినంత మాత్రాన పని మారదని కాగితం మీదికి ఎక్కించారు. తెలంగాణ రాష్ట్రం వచ్చాక బీడీ కార్మికులకు నెలనెలా భృతి కూడా మొదలైంది. లెక్కలోకి రావడమంటే అది.

మరి ఏ కార్ఖానావాళ్లూ సరుకివ్వని పని సంగతి? బిడ్డకు నీళ్లు పోసిందీ, ముసలాయనకు మందులిచ్చిందీ, పొద్దున నాలుగు టిఫిన్ డబ్బాలు కట్టిందీ? ఇది బీడీలా వెయ్యికింతని కాదు, ప్లేచాయిస్ లాగా సెకనుకింతని కూడా కాదు. ఏ కుంచానికీ అందని పని. ఇదే పని ఆయాగా, నర్సుగా, వంటమనిషిగా గడప దాటి చేస్తే నెలకు జీతం. ప్రతి పనికీ ధర కట్టి గోడకు అంటించమని నేననడం లేదు. కన్నబిడ్డకు అన్నం పెట్టి రసీదు రాసే తల్లి ఎవరుంటారు? కాని, ధర కట్టనిదంతా విలువ లేనిదే అనుకోవడం ఉందే, అది మాత్రం మానుకోవాలి. అంగడిని నడిపిన గుండె ఇంట్లో తయారైందని ఆ జపాన్ కంపెనీలకు తెలుసు. వాళ్లు దాన్ని తక్కువ చూడలేదు, గౌరవంగా తీసుకెళ్లి పెద్దపెట్టెలో ప్రతిష్ఠించారు.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. డ్రీమ్‌కాస్ట్ తయారీ 2001లో ఆగిపోయింది, సేగా ఇంటి సెట్ల వ్యాపారమే వదులుకుంది. నవోమి బోర్డులకు మాత్రం ఆ తర్వాత కూడా కొన్నేళ్లు కొత్త ఆటలు వచ్చాయి. ఇంట్లో దీపం కొండెక్కినా అంగట్లో ఆ గుండె కొట్టుకుంటూనే ఉంది. అటుపైన చాలా అంగడి పెట్టెల్లోకి మామూలు కంప్యూటర్ల భాగాలే వచ్చి చేరాయి. అవి కూడా ఒక విధంగా ఇంటి సరుకే.

ఇప్పుడు పిల్లల ఆటంతా ఫోనులో. పెట్టె లేదు, పుల్ల లేదు, చీలిక లేదు అని సంబరపడేరు! ఆట ఉచితమే. కాని ప్రాణాలు అయిపోయాక "ఇంకో అయిదు ప్రాణాలు కావాలా?" అని అడిగే బొత్తం ఒకటి తెర మీద మెరుస్తుంది. దాన్ని నొక్కితే నాన్న ఖాతాలోంచి డబ్బు పోతుంది. ఒకప్పుడు ఇంటి గుండె అంగట్లోకి వెళ్లింది. ఇప్పుడు అంగడి చీలిక సందడి చెయ్యకుండా ఇంట్లోకి, పిల్లవాడి దుప్పట్లోకి వచ్చేసింది. ఈసారి బాబు చేతిలో ఫోను చూసినప్పుడు ఆట ఏమిటని అడిగి ఊరుకోకండి. చీలిక ఎక్కడుందో కూడా అడగండి, వాడికి తప్పకుండా తెలిసి ఉంటుంది.

ఇంకెప్పుడైనా ఎవరైనా మిమ్మల్ని "ఏం చేస్తుంటారు?" అని అడిగితే, ఏమీ లేదండీ అని మాత్రం అనకండి. చేసే పనులు ఒక్కొక్కటీ చెప్పండి. వినేవాళ్లకు తీరిక ఉండాలి గాని, ప్లేచాయిస్ పది ఆటల కంటే పొడుగే తేలుతుంది జాబితా.